కప్పెట్టే ముందే చూసుకోండి: సముద్రపు గాలి తగిలే ఊళ్ళో పర్యావరణహితంగా ఇల్లు కట్టే పద్ధతి

బూడిద ఇటుక వాడారు, స్లాగ్ సిమెంటు తెచ్చారు, ఇంకుడు గుంత తవ్వారు, డాబా మీద సోలార్ పెట్టారు. అంతా బాగానే ఉంది. పదేళ్ళు తిరిగేసరికి సన్‌షేడ్ పెచ్చులూడి లోపలి ఊచలు తుప్పుతో ఉబ్బాయనుకోండి, మొదట మిగిల్చిన సిమెంటు కంటే ఎక్కువే మళ్ళీ పోయాలి. సిమెంటుకి మూలమైన క్లింకర్ ఒక టన్ను కాల్చితే దాదాపు 0.8 టన్ను పైనే కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. రెండుసార్లు కట్టిన ఇంటిని పర్యావరణహితం అని ఎవరూ అనలేరు.

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర మా చిన్నాన్న ఇంటికి సరిగ్గా ఇదే జరిగింది. మంచి కంపెనీ ఇనుమే వాడారు. సిమెంటుకీ వంక పెట్టలేం. తప్పంతా సన్‌షేడ్ ఊచల కింద, వాటికీ రేకుకీ మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకులకి బదులు చేతికందిన కంకర ముక్కలు పెట్టడంలో ఉంది. పోస్తున్నప్పుడు ఆ ముక్కలు జారిపోయాయి, ఊచలు వెళ్ళి సెంట్రింగ్ రేకుకి ఆనుకున్నాయి. స్లాబు రోజు భోజనాల ఏర్పాట్లు చూసినవాళ్ళు పదిమంది. ఊచల కిందకి వంగి చూసినవాడు ఒక్కడూ లేడు, నాతో సహా. తొమ్మిదేళ్ళ తర్వాత ఊడిపడ్డ పెచ్చు చేతిలోకి తీసుకుని కొలిస్తే మందం అరంగుళం కూడా లేదు.

ఆ తర్వాత నుంచి నేను పాటించే వరస ఒకటుంది. ఇంట్లో రకరకాల తప్పులు జరుగుతాయి. రంగు నచ్చకపోతే మళ్ళీ వేసుకోవచ్చు, తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టించుకోవచ్చు. కాంక్రీటు కిందో, ప్లాస్టరింగ్ వెనకో, మట్టి లోపలో పూడిపోయినవాటిని మాత్రం మళ్ళీ చూడలేం. మీ ఓపికా, మీ డబ్బూ, మీ అనుమానమూ ముందు వాటి మీద ఖర్చుపెట్టండి.

పునాది కంటే ముందు నోటుబుక్కు

వంద పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి కొనండి. ఒక్కో పనికి ఒక పేజీ ఇచ్చి నాలుగు గళ్ళు గీయండి: ఏం తప్పొచ్చు, తప్పిందని ఎలా తెలుస్తుంది, ఎవరు చూడాలి, తప్పితే ఏం చేస్తాం. మూడో గడిలో పేరుండాలి. "మేస్త్రి చూసుకుంటాడు" అని రాస్తే ఎవరూ చూడరనే అర్థం. ఏ మేస్త్రి, ఏ రోజు, అప్పుడు మీ ఇంట్లోంచి పక్కన నిలబడేది ఎవరు అన్నది రాయండి.

ఇదంతా చాదస్తం అనిపిస్తే ఈ లెక్క చూడండి. స్లాబు బాగా రావాలంటే ఇసుక, నీళ్ళు, ఊచల కవరు, వైబ్రేటర్, తడపడం అనే ఐదూ సరిగ్గా జరగాలి. ఒక్కొక్కటి పదిసార్లలో తొమ్మిదిసార్లు బాగా జరుగుతుందనుకుందాం. వినడానికి చాలా మెరుగ్గానే ఉంది. అయినా ఐదూ కలిసి బాగా జరగడం వందలో యాభైతొమ్మిదిసార్లే. 0.9ని ఐదుసార్లు గుణించి చూసుకోండి. పనివాళ్ళు మంచివాళ్ళే అయినా ఇళ్ళు కారడానికి కారణం ఇదే.

మీ స్థలం ఎక్కడుంది

సముద్రానికి దగ్గరా, దూరమా అన్నదాన్ని బట్టి కాంక్రీటు మారుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటుని తీవ్ర తరగతిలో పెట్టింది. దానికి కనీసం ఎం30 గ్రేడు (28వ రోజుకి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్లు మోసే కాంక్రీటు), ఘనపు మీటరుకి కనీసం 320 కిలోల సిమెంటు, నీళ్ళూ సిమెంటూ నిష్పత్తి 0.45కి మించకూడదు, ఊచల మీద కవరు, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు. బారువ, భావనపాడు, కళింగపట్నం, పూసపాటిరేగ, భోగాపురం వైపు సముద్రం ఒడ్డున కట్టేవాళ్ళు దీన్నే పట్టుకోండి. రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి లాంటి లోపలి ఊళ్ళలో వానకి తడిసే భాగాలకి ఎం25, 0.50 నిష్పత్తి, 30 మిల్లీమీటర్ల కవరు సరిపోతాయి. ఎక్కడైనా సరే ఫుటింగుకి కవరు 50కి తగ్గకూడదు.

ఈ అంకెలు నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయండి. "ఇక్కడందరికీ ఎం20యే పోస్తన్నాం బాబూ" అని ఎవరన్నా అంటే ఆ పేజీ చూపించండి.

తర్వాత నీటి మట్టం. నాగావళి, వంశధార దగ్గరి ఊళ్ళలో కాగితాల కంటే ముసలివాళ్ళ మాటే ఎక్కువ పనికొస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఆ వెనక వంశధార పొంగినప్పుడు, నీళ్ళు ఏ గడప దాకా వచ్చాయో అడిగి గోడ మీద గుర్తు పెట్టించుకోండి. బేస్‌మెంట్ దానికి అడుగున్నర పైన ఉండాలన్నది నా లెక్క. అలాగే ఫిల్లింగుకి చవగ్గా వస్తుందని సవుడు మట్టి తోలించకండి. అందులోని ఉప్పు గోడల్లోకి ఎక్కి, ఏటా రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. గ్రావెల్ తోలించి, అరడుగు చొప్పున పరిచి, తడిపి దిమ్మిస కొట్టించండి.

బోరు నీళ్ళ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఇనుము ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నాలుకకి ఉప్పగా తగిలితే అక్కడే ఆగి, సీసాలో పట్టి ల్యాబుకి పంపండి. ఉప్పు నీళ్ళైతే ట్యాంకరు తెప్పించుకోవడమే, ఇంకో దారి లేదు. సముద్రపు ఇసుక గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

సామాను: కొత్తదానికి కొత్త అలవాటు

బూడిద ఇటుక మనకి పరాయిదేం కాదు. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని రూపొందించిన భానుమతిదాస్, కాళిదాస్ విశాఖ వాళ్ళే. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో బూడిద దండిగా ఉంది. కట్టెలూ బొగ్గూ పెట్టి కాల్చే పని లేదు, చెరువు మట్టి తవ్వే పనీ లేదు. మరి ఇబ్బంది ఎక్కడంటే, బట్టీ ఇటుక కాలగానే గట్టిపడిపోతుంది, బూడిద ఇటుకకి రోజుల తరబడి నీళ్ళు తాగితేనే బలం వస్తుంది. గిరాకీ ఎక్కువైనప్పుడు పచ్చివే లారీ ఎక్కుతాయి.

అందుకని లారీ దిగకముందే ఐదు ఇటుకలు తీసుకోండి. కిరాణా కొట్టు కాటా మీద పొడిగా తూచండి, ఇరవైనాలుగు గంటలు నీళ్ళలో ముంచి, గుడ్డతో తుడిచి మళ్ళీ తూచండి. 2.8 కిలోల ఇటుక 3.2 అయితే పీల్చింది 14 శాతం, ఫరవాలేదు. 20 శాతం దాటితే లారీ వెనక్కే. నానిన ఇటుక అంచుని గోరుతో గీరితే పొడి రాలినా వెనక్కే. రెండు ఇటుకల్ని ఒకదానికొకటి కొడితే ఖణేల్‌మని మోగాలి. పెద్ద ఇల్లైతే కొన్నిటిని సివిల్ ఇంజనీరింగ్ ఉన్న కాలేజీ ల్యాబులో బలం చూపించండి, చదరపు మిల్లీమీటరుకి 7.5 న్యూటన్లు వస్తే సామాన్య ఇంటి గోడలకి చాలు.

కట్టేటప్పుడు అలవాటు మారాలి. ఎర్ర ఇటుకని తొట్టెలో నానబెట్టినట్టు దీన్ని నానబెట్టకూడదు, పైపైన చల్లితే చాలు. నానిన బూడిద ఇటుక గోడలోకి వెళ్ళాక ఆరి ముడుచుకుంటుంది, ప్లాస్టరింగ్ మీద మెట్లు మెట్లుగా పగుళ్ళు తేలతాయి. పిల్లరూ గోడా కలిసేచోట చికెన్ మెష్ కొట్టించందే ప్లాస్టరింగ్ మొదలుపెట్టనివ్వకండి. అదీ పూడిపోయేదే కదా.

ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన రాట్ ట్రాప్ పద్ధతి గురించి మీరు విని ఉంటారు. ఇటుకని పక్కమీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కడతారు. ఇటుక నాలుగో వంతు దాకా మిగులుతుంది, ఇల్లు చల్లగా ఉంటుంది. నాకు ఇష్టమైన పద్ధతి. అయితే దాన్ని ముందు కట్టిన అనుభవం ఉన్న మేస్త్రి దొరికితేనే పెట్టుకోండి. మూలల్లోనూ, కిటికీ పక్కల్లోనూ, ఏసీ, గ్యాస్ గట్టు, గీజరు తగిలించేచోటా గట్టి గోడే రావాలి. లేదంటే ఎలక్ట్రీషియన్ గాడి కొట్టిన రోజు గోడలో కన్నం పడుతుంది. ఫిల్లర్ స్లాబు (అడుగు వైపు కొంత కాంక్రీటుకి బదులు పెంకులు పెట్టి పోసేది) మాత్రం ఉప్పుగాలి తగిలే ఊళ్ళో నేను చేయించను. పెంకుల మధ్య సన్నటి సందుల్లో 45 మిల్లీమీటర్ల కవరు నిలబెట్టడం మన పనివాళ్ళకి అంత సులువు కాదు.

సిమెంటులో స్లాగ్ సిమెంటుకి నా ఓటు. ఉక్కు కొలిమిలో మిగిలిన స్లాగ్ అందులో 25 నుంచి 70 శాతం దాకా ఉంటుంది, కాబట్టి క్లింకర్ తగ్గుతుంది. పైగా ఉప్పు లోపలికి దిగడాన్ని బాగా అడ్డుకుంటుంది. బూడిద కలిసిన పీపీసీ కూడా మంచిదే. బస్తా మీద ప్యాక్ చేసిన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటినదాన్ని దించుకోకండి.

ఇసుక సంగతి క్లుప్తంగా: గాజు సీసాలో సగం ఇసుక పోసి, ఉప్పు నీళ్ళు నింపి, కుదిపి, మూడు గంటలు కదపకండి. పైన పేరుకున్న ఒండ్రు ఇసుక మందంలో ఎనిమిది శాతం దాటితే కడిగించండి, లేదా రాయి పిండి చేసిన రోబో శాండ్‌కి మారండి.

స్లాబు రోజు

ఆ రోజు ఉదయం కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగకముందు ఇంజనీరూ, మీరూ కలిసి సెంట్రింగ్ మీద నడవండి. మీ నోటుబుక్కులో ఇద్దరూ సంతకం పెట్టేదాకా పోత మొదలవదని మేస్త్రికి వారం ముందే చెప్పి ఉంచండి. అప్పటికప్పుడు చెబితే గొడవ తప్పదు, నలభైమంది కూలీలు తట్టలు పట్టుకుని నిలబడి ఉంటారు.

కవర్ బ్లాకులు రాశిలో ఉంటే లాభం లేదు, ఊచల కింద ఉండాలి. మూలలూ, సన్‌షేడులూ, బాల్కనీ ముందుగా చూడండి. బాల్కనీలో ప్రధాన ఊచలు పై వైపు ఉంటాయి. మనుషులు వాటిని తొక్కి కిందికి దిగజార్చేస్తారు, కాబట్టి నడవడానికి చెక్కలు వేయించండి. కరెంటు పైపులు కుప్పగా ఒకేచోట వెళ్ళకూడదు. అన్నీ ఫోటోలు తీయండి, టేపు పక్కన పెట్టి మరీ తీయండి. ఈ ఫోటోలు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా పనికొస్తాయి, ఎక్కడ డ్రిల్ కొట్టకూడదో అవే చెబుతాయి.

నీళ్ళ దగ్గరే అసలు పోరాటం. 50 కిలోల బస్తాకి 0.45 అంటే ఇరవైరెండున్నర లీటర్లు. ఇరవై లీటర్ల పెయింటు బకెట్ మీద అందులో సగం, పదకొండుంపావు లీటర్ల దగ్గర గీత పెట్టి, బస్తాకి రెండుసార్లు దాంతోనే పోయించండి. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మాలు గట్టిగా ఉంది, జారడం లేదని మధ్యాహ్నం నుంచి ఎవరో ఒకరు మగ్గు ఎత్తుతారు. నీళ్ళు పెంచకుండానే మాలుని జారనిచ్చే ప్లాస్టిసైజర్ మందు ముందే ఇంజనీరుని అడిగి తెచ్చి పెట్టుకుంటే ఆ మగ్గుతో పనుండదు. వైబ్రేటర్ రెండు ఉండాలి. ఒకటి ఆడుతుంది, రెండోది మొదటిది చెడిపోయినప్పుడు. అద్దె దండగ అనుకోకండి.

బలం పరీక్షకి అదే కాంక్రీటుతో క్యూబులు పోయించండి. ఐదు ఘనపు మీటర్ల లోపైతే ఒక నమూనా, ఆరు నుంచి పదిహేను దాకా రెండు, ఒక్కో నమూనాకి మూడు క్యూబులు. 150 మిల్లీమీటర్ల క్యూబు మీద దాదాపు 57 టన్నుల బరువు పడేదాకా పగలకపోతే అది చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్లు మోసినట్టు, అంటే ఎం25. ఎం30కి దాదాపు 69 టన్నులు. స్లాగ్, బూడిద కలిసినవి ఏడో రోజుకి కాస్త నెమ్మదిగా కనిపిస్తాయి, కంగారుపడకండి. 28వ రోజు అంకె చూడండి.

వాన మాట కూడా. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూడకుండా స్లాబు ముహూర్తం పెట్టుకోకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలకి ముందే స్లాబు పోయించుకోవడం మంచిది. దసరా నాటికి పని సగంలో ఉంటే, పైన కాంక్రీటు బెల్టు పడని పొడుగు గోడలూ ఒంటరి పిట్టగోడా వదిలేయకండి, పెనుగాలికి ముందు పడేవి అవే. సెంట్రింగ్ రేకులూ, వెదుళ్ళూ తాళ్ళతో కట్టి ఉంచండి. గాల్లో లేచిన రేకు పక్కింటివాళ్ళకి ప్రమాదం.

తడపడం

ఇక్కడే మా మేస్త్రితో నాకు మాటల యుద్ధం జరిగింది. "ఏటండీ బాబూ, ఏడు రోజులు తడిపితే సాలదా? ముప్పై ఏళ్ళబట్టి ఇలాగే సేస్తన్నాం" అన్నాడు. ఆయన చెప్పింది స్లాగూ బూడిదా కలపని పాత ఓపీసీ సిమెంటుకి నిజమే. స్లాగూ బూడిదా కలిసినవాటికి కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు. అవి నెమ్మదిగా గట్టిపడతాయి, మధ్యలో ఎండిపోతే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. పర్యావరణం కోసం సిమెంటు మార్చి, పాత లెక్కనే తడిపితే ఓపీసీతో కట్టిన ఇంటికంటే బలహీనమైన ఇల్లు వస్తుంది.

స్లాబు మీద మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలపండి. పిల్లర్లకి గోనె సంచులు చుట్టి తడపండి. వాటినే అందరూ మర్చిపోతారు. రోజూ ఎవరు తడిపారో నోటుబుక్కులో సంతకం ఉండాలి.

సెంట్రింగ్ విప్పడం కూడా అంతే. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి ఆనుదల కర్రలు ఏడు రోజులకీ, అంతకు మించితే పద్నాలుగు రోజులకీ, ఆరు మీటర్ల లోపు బీములకి పద్నాలుగు రోజులకీ తీయొచ్చని ప్రమాణం. అది ఓపీసీ లెక్క. మీది స్లాగ్ సిమెంటైతే ఇంకొన్ని రోజులు కలపాలి, ఎన్నన్నది ఇంజనీరు చెప్పాలి. సెంట్రింగ్ అద్దెకిచ్చినాయన రోజుకి రెండుసార్లు ఫోను చేస్తాడు. చేయనివ్వండి.

డాబా మీద సోలార్

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకి 30,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడు కిలోవాట్లూ ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. అందరూ పెట్టిస్తున్నారు. సంతోషమే. కానీ ఫలకాల్ని దేనికి బిగిస్తున్నారని అడిగేవాళ్ళు తక్కువ.

మన తీరానికి డిజైను గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంతో చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. ఇప్పటి పెద్ద ఫలకం రెండున్నర చదరపు మీటర్లు పైనే. ముప్పై కిలోలు అటూ ఇటూగా తూగే వస్తువుని గాలి మూడువందల డెబ్బై, ఎనభై కిలోల బలంతో ఎత్తడానికి చూస్తుందన్నమాట. ఇది బండ లెక్కే, వాలునీ అంచునీ బట్టి మారుతుంది. అయినా కాళ్ళ కింద రెండు సిమెంటు దిమ్మెలు పెట్టి "ఏం కాదండి" అన్నవాడి మాట ఎంత నమ్మాలో తెలియడానికి చాలు.

స్లాబు పోయకముందే సోలార్ కాళ్ళు ఎక్కడ వస్తాయో గీసుకుని, అక్కడ బీముల మీద బోల్టులు ముందే వేయించండి. తర్వాత పెట్టేదైతే కన్నం కొట్టి జిగురు మందుతో అతికించే కెమికల్ యాంకర్ బోల్టులు వేయించి, చుట్టూ నీరు దిగకుండా పూత పూయించండి. డాబా అంచు నుంచి లోపలికి జరపండి, గాలి లాగేది అంచుల్లోనే. ఫ్రేముకీ బోల్టులకీ మంచి గాల్వనైజింగ్ కావాలి.

ఇంకొకటి, చాలామంది మోసపోయే చోటు. కరెంటు లైనుకి కలిపిన మామూలు ఆన్-గ్రిడ్ సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, లైన్‌మెన్‌కి షాకు కొట్టకుండా అలా పెట్టారు. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్యానూ, ఫోనూ, మోటారూ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీ ఉండాలి. కనీసం రెండు లైట్లకైనా చూసుకోండి.

వాన నీళ్ళు

మన దగ్గర ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన. వంద చదరపు మీటర్ల డాబా మీద తుఫాను రోజున 100 మిల్లీమీటర్లు పడితే పదివేల లీటర్లు ఒక్క రోజులో దిగుతాయి. మీ ఇంకుడు గుంత అంత మింగలేదు. నిండాక నీళ్ళు పునాదికి దూరంగా పోయే పొర్లుదారి తప్పనిసరి. డాబా నుంచి దిగే పైపులు ఒకటి చాలినా రెండు పెట్టించండి, కొబ్బరి పీచో పిట్ట గూడో ఒకదాన్ని మూసేసిన రోజు రెండోది కాపాడుతుంది. ఇంటి గోడలకి పదడుగుల లోపు ఇంకుడు గుంత వద్దు.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

లేబర్ కాంట్రాక్టు చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్నా, చెల్లింపుని నోటుబుక్కు సంతకాలతో ముడిపెట్టండి: ఫుటింగ్ ఊచలు చూశాక ఇంత, స్లాబు పద్నాలుగు రోజులు తడిపాక ఇంత. స్లాబు పోసిన సాయంత్రమే మొత్తం ఇచ్చేస్తే తడపడానికి ఎవరూ రారు. చివరి ఐదు శాతం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి, ఇది పని మొదలుకాకముందే మంచిగా మాట్లాడుకోవాలి. మేస్త్రిని నమ్మడం లేదని అనిపించకుండా, "అన్నా, ఇవి మా ఇంజనీరు పెట్టిన రూల్స్" అంటే ఇద్దరికీ మొహమాటం ఉండదు.

చేరాక

ఏటా సెప్టెంబరు ఆఖర్లో ఒక ఆదివారం డాబా ఎక్కండి. సోలార్ బోల్టులు స్పానరుతో బిగించండి. నీళ్ళ గొట్టాల మూతులు శుభ్రం చేయండి. సన్‌షేడ్ అడుగున వేలిగోళ్ళతో తట్టండి, డొల్ల మోత వస్తే అక్కడ తుప్పు మొదలైనట్టే, పెచ్చు పడేదాకా ఆగకుండా చూపించండి. తుప్పు మరక గోధుమరంగు గీతలా ముందే కనబడుతుంది. ఇంటిమీదకి వంగిన కొబ్బరి చెట్టుకి ఎండు మట్టలూ కాయలూ దింపించండి. ఆ నోటుబుక్కూ ఊచల ఫోటోలూ ఇంటి దస్తావేజుతో పాటు బీరువాలో పెట్టండి, రేపు పైన ఇంకో అంతస్తు వేసేది మీ అబ్బాయో అమ్మాయో అయితే మొదట అడిగేది అవే.